నా నంబరు దగ్గర బెంచీ చప్పుడు

పోయిన నెల ఆదోనిలో మా డిగ్రీ కాలేజీ పాత విద్యార్థులమంతా ఆ కాలేజీలోనే ఒకచోట చేరాం. జుట్టు నెరిసినవాళ్ళం, అసలు జుట్టే లేనివాళ్ళం, మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కేవాళ్ళం. ముఖాలు గుర్తుపట్టలేక ముందు ఊరి పేరు చెప్పుకుని, తర్వాత సొంత పేరు చెప్పుకుని, అప్పుడు గానీ కావలించుకోలేకపోయాం. నన్ను వేదిక ఎక్కించి నాలుగు మాటలు మాట్లాడమన్నారు. ఉపాధ్యాయుడిగా బతికినవాణ్ణి కాబట్టి, ఇన్నేళ్ళుగా ఎక్కడ మైకు ఇచ్చినా చెప్పే కథనే అక్కడా చెప్పాను. డిగ్రీ మొదటి సంవత్సరంలో నోరు పెగలని ఒక సిగ్గరి కుర్రవాడు ఎలా ఉండేవాడో, హాజరు పిలిచేటప్పుడు ఒక అల్లరివాడు మగ్గం చప్పుడు వచ్చేలా బెంచీని తన్ని అతన్ని ఎలా ఏడిపించేవాడో, చివరికి ఆ అల్లరివాడి పరీక్ష పోబోతుంటే ఈ సిగ్గరివాడే ప్రిన్సిపాలు ముందు నిలబడి ఎలా మాట్లాడి కాపాడాడో చెప్పాను. నవ్వవలసిన చోట నవ్వారు, చప్పట్లు కొట్టవలసిన చోట కొట్టారు.

ఆ అల్లరివాడు ఆ రోజు చివరి వరుసలో కూర్చుని ఉన్నాడు. ఆ కథలో నేను అడ్డంగా తిప్పిన ముక్క ఒకటుంది. నాలాగే పల్లె బస్సు దిగి, చెమటపట్టిన చేత్తో పుస్తకాలు పట్టుకుని కాలేజీ మెట్లెక్కిన నా ఈడువాళ్ళ ముందు దాన్ని తిన్నగా చేసి చెప్పాలని ఇది రాస్తున్నాను.

మాది ఎమ్మిగనూరు. నేత ఇల్లు. ముందు గదిలో రెండు గుంట మగ్గాలు ఎదురెదురుగా ఉండేవి, ఒకటి నాయనది, ఒకటి అక్కది. తెల్లవారిన దగ్గర నుంచి దీపాలు పెట్టేదాకా ఆ చప్పుడు ఆగేది కాదు. దారం మోసుకుని నాడె అటూ ఇటూ పరిగెత్తే చప్పుడు, ఆ దారాన్ని బిగించే పలక వచ్చి గుడ్డను తాకే దెబ్బ, గుంటలో కాళ్ళు తొక్కే టకటక. మా వీధిలో ప్రతి ఇంట్లోనూ అంతే. అందువల్ల మా పిల్లల గొంతులన్నీ ఆ చప్పుడు మీదుగా విసిరే గొంతులు. మంచినీళ్ళు అడగాలన్నా కేకే, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పాలన్నా కేకే. పొలం పని చేసుకునే మా మేనత్త వచ్చినప్పుడల్లా, ఈ ఇంట్లో అందరూ పోట్లాడుకుంటున్నారేమోనని బయటే నిలబడిపోయేది. మగ్గం ఆగిందంటే మాత్రం మేమంతా తలెత్తి చూసేవాళ్ళం. దారం తెగి ఉండాలి, లేదా ఇంట్లో ఏదో జరిగి ఉండాలి. మా అమ్మ పోయిన రోజు మొట్టమొదట నాకు తెలిసింది ఏడుపు కాదు, మగ్గాలు రెండూ ఒకేసారి ఆగిపోవడం.

అక్కకు చదువంటే ప్రాణం. ఏడో తరగతి మధ్యలోనే మగ్గంలో దిగవలసి వచ్చింది. బడి నుంచి నేను రాగానే ఆమె మగ్గం పక్కన కూర్చోబెట్టుకుని, కండెలు చుట్టమని రాట్నం ఇచ్చి, ఆ రోజు పాఠం చదివి వినిపించమనేది. నేను మామూలుగా చదివితే ఆమెకు వినపడేది కాదు, మగ్గం ఆపడానికి వీల్లేదు. "గట్టిగా సదువప్పా, నా సెవుల్లోకి రావల్ల" అనేది. అట్లా అశోకుడి దగ్గర నుంచి అక్బరు దాకా చరిత్ర అంతా అక్క మగ్గం మీదుగా అరిచి చదివినవాణ్ణి నేను. మా ఇంటి ముందు పోయేవాళ్ళకు కూడా పానిపట్టు యుద్ధాలు కంఠతా వచ్చి ఉంటాయి.

ఇంత గొంతున్నవాడికి సిగ్గేమిటని మీకు అనిపించవచ్చు. ఇంట్లో అరిచేవాణ్ణే గానీ, కొత్త మనిషి ఎదురైతే అక్క కొంగు చాటుకు పోయేవాణ్ణి. బడిలో అందరూ మా వీధివాళ్ళే కాబట్టి గడిచిపోయింది. ఆదోనిలో డిగ్రీలో చేరిన రోజు, ఎమ్మిగనూరు బస్సు దిగి కాలేజీ తరగతిలోకి పోయి కూర్చుంటే, ముందు నన్ను భయపెట్టింది అక్కడి మనుషులు కాదు, అక్కడి నిశ్శబ్దం. పెద్ద గది, ఎత్తైన కప్పు, అంతమంది ఉండి కూడా సూది పడితే వినపడేటంత ప్రశాంతం. నా ఒళ్ళు నాకు తెలియకుండానే, ఎక్కడో దారం తెగిందని బిగుసుకుపోయింది.

చరిత్ర చెప్పే లెక్చరరు కోస్తా నుంచి వచ్చినవారు. మెత్తగా, పుస్తకం చదివినట్టు మాట్లాడేవారు. హాజరు పిలవడం మొదలుపెట్టారు. నా నంబరు రాగానే నేను లేచి, మా ఇంట్లో అక్కకు వినపడేలా ఎట్లా పలికేవాణ్ణో అట్లా, గొంతు చించుకుని, ప్రెజెంట్ సార్ అన్నాను. కప్పు మీది పావురాలు లేచిపోయాయి. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, ఆ తర్వాత తరగతి తరగతంతా విరగబడి నవ్వింది. లెక్చరరు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నాయనా, ఇది సంత కాదు. నేను నీకు ఇంత దగ్గరలోనే ఉన్నాను" అన్నారు. ఆయన దురుసుగా అనలేదు. కానీ ఆ రోజుతో నా గొంతు లోపలికి పోయింది.

మరునాడు నా నంబరు పిలిస్తే లేచాను, పెదవులు కదిలాయి, గాలి కూడా వచ్చింది, మాట రాలేదు. ఆయన తల ఎత్తకుండానే గైర్హాజరు వేసి తర్వాతి నంబరుకు పోయారు. ఆ మరునాడూ అంతే. చెయ్యి ఎత్తి చూపుదామనుకుంటే, ఎత్తే లోపలే తర్వాతివాడు పలికేసేవాడు. తరగతి అయ్యాక పోయి, సార్ నేను వచ్చాను అని చెప్పుకోవాలంటే దానికీ నోరే కావాలి కదా. అట్లా ఒక్క రోజు కూడా మానకుండా, నాయన చేతి నుంచి బస్సు ఛార్జీ తీసుకుని రోజూ ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి వచ్చి, ఆయన హాజరు పట్టీ ప్రకారం కాలేజీకి రానివాణ్ణి అయిపోయాను. ఇంటికి పోయాక అక్క, ఈ రోజు ఏం చెప్పినారప్పా అని అడిగితే మాత్రం మగ్గం మీదుగా అంతా అరిచి చెప్పేవాణ్ణి. అక్కకు నా కాలేజీ ఎంతో బాగా జరుగుతున్నట్టే లెక్క.

ఇప్పుడు అతని సంగతి. తుగ్గలి దగ్గర ఒక మెట్ట పల్లె నుంచి వచ్చినవాడు, వేరుశనగ వేసుకుని వానకోసం మొగం పైకెత్తి చూసే కుటుంబం. పొడుగు మనిషి, కుదురుగా కూర్చోలేడు. మొదటి రోజు నా కేక విని నాకు 'మగ్గం' అని పేరు పెట్టింది అతనే. కనపడినప్పుడల్లా "ఏమప్పా మగ్గం, ఈ పొద్దన్నా ఆడిందా?" అని పలకరించేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. నేను తల వంచుకుని పోయేవాణ్ణి. మనసులో అతన్ని ఎన్ని తిట్లు తిట్టుకున్నానో చెప్పలేను. ఇక్కడి దాకా నేను వేదికల మీద చెప్పేది నిజమే.

అతను కాలేజీ అయ్యాక బస్టాండు దారిలో ఉన్న ఒక జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. పత్తి కుప్పలు ఎత్తి యంత్రాల దగ్గరకు వేసే పని. ఒక సాయంత్రం కుండపోతగా వాన వస్తుంటే మిల్లు చూరు కింద నిలబడ్డాను. అతను చూసి, తడుస్తావు రారా అని చెయ్యి పట్టి లోపలికి లాక్కుపోయాడు. లోపల యంత్రాల హోరు, గాల్లో తెల్లగా దూది పొగ. అతను నోటికి కట్టుకున్న గుడ్డ దించి ఏదో అడిగాడు. నేను జవాబు చెప్పాను. మళ్ళీ ఏదో అడిగాడు, మళ్ళీ చెప్పాను. మా ఊరి గురించి, అక్క గురించి, ఆ రోజు లెక్చరరు చెప్పిన విజయనగర రాజుల పాఠంలో ఆయన మరిచిపోయి వదిలేసిన ముక్క గురించి, ధారగా చెప్పుకుపోతున్నాను. ఉన్నట్టుండి చూస్తే అతను పార నేలకు ఆనించి, నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు. అప్పటికి గానీ నేను మాట్లాడుతున్నానని నాకు తెలియలేదు.

వాన వెలిసి, మిల్లు బయటకు వచ్చాక అతను అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "నీకు సిగ్గు గాదప్పా. నీకు సప్పుడు గావల్ల."

ఆ మరునాడు చరిత్ర తరగతిలో, నా నంబరుకు కొంచెం ముందు, నా వెనక బెంచీ నుంచి మొదలైంది. టక్కు టక్కు, టక్కు టక్కు. చెప్పుకాలితో బెంచీ కోడును తన్నుతున్నాడు. మగ్గం ఎట్లా ఆడుతుందో ఎవరిని అడిగి తెలుసుకున్నాడో, అచ్చం అట్లాగే. తరగతి కిసకిసలాడింది, లెక్చరరు తల ఎత్తారు, నా నంబరు పిలిచారు. ఆ చప్పుడు మీదుగా నా నోట్లోంచి, మరీ కేకా కాదు, మరీ గుసగుసా కాదు, ఒక మనిషి గొంతు బయటికి వచ్చింది. ప్రెజెంట్ సార్. ఆయన నాకు హాజరు వేసి, అతన్ని నిలబెట్టి, బయటికి పొమ్మన్నారు. అతని నంబరు నా నంబరు తర్వాత ఎక్కడో ఉండేది. అది పిలిచే వేళకు అతను వరండాలో ఉన్నాడు.

ఒక రోజు కాదు. చరిత్ర తరగతి ఉన్న రోజల్లా అంతే. నేను వద్దని బతిమాలాను. కావాలంటే మెల్లగా కొట్టమన్నాను. మెల్లగా కొడితే నీ సెవికి వినపడుతుందా అన్నాడు. తరగతి అంతా వాడు నన్ను ఏడిపిస్తున్నాడనే అనుకుంది, లెక్చరరూ అదే అనుకున్నారు. అతను ఎవరి అనుమానమూ తీర్చలేదు. వరండాలో కిటికీ పక్కన నిలబడి పాఠం మాత్రం పూర్తిగా వినేవాడు, నేను పలికిన రోజు కిటికీలోంచి కన్నుకొట్టేవాడు. నెమ్మదిగా నాకు చప్పుడు అవసరం తగ్గుతూ వచ్చింది. కానీ ఆ సంగతి నేను అతనికి చెప్పలేదు. అతను కొట్టడం మానేస్తే మళ్ళీ గొంతు పోతుందేమోనని భయం.

ఏడాది చివర, ఏ ఒక్క సబ్జెక్టులోనైనా హాజరు చాలక పరీక్షకు కూర్చోనివ్వని వాళ్ళ పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టారు. నా పేరు లేదు, అతని పేరు ఉంది. జబ్బు చేసినవాళ్ళయితే డాక్టరు కాగితం తెచ్చి బయటపడవచ్చు, అల్లరి చేసినవాళ్ళకు ఆ దారి కూడా లేదు. అతను పెద్దగా నవ్వి, పోతే పోయిందిలే అన్నాడు గానీ, ఆ సాయంత్రం మిల్లులో అతని చేతులు ఊరికే పత్తిని కలియబెడుతున్నాయి. ఈ ఏడు పరీక్ష తప్పితే వాళ్ళ నాయన చదువు మాన్పించి చేనుకు తోలుకుపోతాడు. ప్రిన్సిపాలుకు అసలు సంగతి చెప్పమన్నాను. "సెప్తే నిన్ను మళ్ళా నవ్వుతారప్పా. ఇప్పుడిప్పుడే ఆడతాండావు, గమ్మునుండు" అన్నాడు.

మరునాడు నేను ప్రిన్సిపాలు గది ముందు నిలబడ్డాను. లోపల ఆయనా, మా చరిత్ర లెక్చరరూ ఉన్నారు. కరెంటు లేదు. ఫ్యాను కూడా తిరగడం లేదు. ఆ గదిలో ఉన్నంత నిశ్శబ్దం నేను అప్పటిదాకా ఎక్కడా వినలేదు. ఏం కావాలని అడిగారు. నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు. ప్రిన్సిపాలు ఇంకొకసారి అడిగి, చేతిలోని కాగితాల వైపు తిరిగారు. ఇంక బయటికి పొమ్మనబోతున్నారని నాకు అర్థమైంది. వెనక బెంచీ లేదు, కొట్టడానికి అతను లేడు. అప్పుడు నా కుడికాలు దానంతటదే నేలను తొక్కడం మొదలుపెట్టింది. గుంటలో అక్క కాళ్ళు ఎట్లా ఆడతాయో అట్లా. ఆ చప్పుడు ఎవరికీ వినపడి ఉండదు, నాకు చాలు. గొంతు తెరుచుకుంది.

తెరుచుకోవడమంటే, మొదటి రోజు కేక ఎట్లా వచ్చిందో అట్లాగే వచ్చింది. ప్యూను పరిగెత్తుకుని వచ్చాడు, పక్క గదిలో గుమాస్తాలు తలుపు దగ్గర చేరారు. నేను ఆపలేదు. మొదటి రోజు నవ్వు దగ్గర నుంచి, నోరు పెగలక నాకు పడిన గైర్హాజరులు, మిల్లులో వాన, బెంచీ చప్పుడు ఎవరి కోసమో, అతని నంబరు పిలిచే వేళకు అతను ఎందుకు బయట ఉండేవాడో, కిటికీ దగ్గర నిలబడి పాఠం ఎట్లా వినేవాడో, అక్కకు చరిత్ర చెప్పినట్టే వరసగా చెప్పాను. అయిపోయేసరికి చొక్కా తడిసిపోయింది.

లెక్చరరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత, ఈ మాట నాకు అప్పుడే చెప్పి ఉండవచ్చు కదయ్యా అన్నారు. నేను ఏ ధైర్యంతో అన్నానో గానీ, "అది సెప్పగలిగింటే ఆ బెంచీ తన్నే పనే ల్యాకపాయ గదా సార్" అన్నాను. ప్రిన్సిపాలు నవ్వును దాచుకోవడానికి కాగితం అడ్డం పెట్టుకున్నారు. లెక్చరరు మాత్రం నవ్వలేదు. కలం తీసి, ఈ అబ్బాయి తరగతికి వచ్చినవాడే, బయటికి పంపినది నేను, అని రాసి సంతకం పెట్టారు.

ఆ సాయంత్రం మిల్లులోకి పరిగెత్తి నేను ఏమి అరిచానో నాకు గుర్తులేదు. అతను పారను పత్తి కుప్ప మీదకు విసిరి నన్ను ఎత్తుకుని తిప్పాడు, ఇద్దరం దూదిలో పడ్డాం. ఎమ్మిగనూరు పోయే బస్సులో జనమంతా నన్ను వింతగా చూశారు, తల నుంచి కాళ్ళ దాకా తెల్లగా ఉన్నాను. ఇంట్లోకి పోతే నాయన మగ్గం ఖాళీగా ఉంది, అక్క నన్ను చూసి తన మగ్గం ఆపేసింది. ఏమైందని భయంగా అడిగింది. మగ్గం ఆగిన ఆ నిశ్శబ్దంలో, మామూలు గొంతుతో, మొదటిసారి ఆమెకు నా కాలేజీ గురించి నిజం చెప్పాను. విని, కళ్ళు తుడుచుకుని, ఆ తుగ్గలి పిల్లోన్ని ఒకసారి అన్నానికి తోలుకురాప్పా అని, మళ్ళీ గుంటలో కాళ్ళు పెట్టింది.

అతను పాసయ్యాడు, నేనూ పాసయ్యాను. తర్వాతి ఏడు కాలేజీ వక్తృత్వ పోటీలో నాకు మొదటి బహుమతి వచ్చింది. అతను పంచాయతీ కార్యదర్శి అయ్యాడు, నేను పంతులునయ్యాను. ఊర్లు మారి, ఉత్తరాలు తగ్గి, పలకరింపులు పోయాయి. నేను మైకుల ముందు ఈ కథ చెప్పడం మొదలుపెట్టింది ఆ తర్వాతే. మొదట్లో ఉన్నదున్నట్టే చెప్పేవాణ్ణి. కానీ ఏడిపించినవాణ్ణి కాపాడిన సిగ్గరివాడి కథకు వచ్చినన్ని చప్పట్లు, సాయం చేసినవాడి సాయం గురించి చెబితే రావు. చెప్పగా చెప్పగా మిల్లు జారిపోయింది, వాన జారిపోయింది, చివరికి బెంచీ తన్నిన కాలు మాత్రం మిగిలింది. ఎప్పుడు మారిపోయిందో కూడా చెప్పలేను. పదిమంది మెచ్చుకుంటుంటే మనకు మనమే నమ్మేస్తాం.

మొన్నటి సభలో వేదిక ఎక్కి, ఎదురుగా చివరి వరుసలో ఆ పొడుగు మనిషిని చూడగానే నా గొంతు ఆగిపోయింది. అన్నేళ్ళ తర్వాత, అంతమంది ముందు, గాలి వచ్చింది, మాట రాలేదు. అప్పుడు వెనక నుంచి వినపడింది. టక్కు టక్కు, టక్కు టక్కు. పాతవాళ్ళంతా గొల్లున నవ్వారు. నా గొంతు వచ్చింది. వచ్చిన గొంతుతో నేను చేసిన పని, అలవాటైన ఆ కథనే చెప్పడం.

సభ అయ్యాక మెట్ల మీద కలిశాడు. కోపం రాలేదాప్పా అని అడిగితే, నన్ను దొంగోన్ని సెయ్యలేదు గదా, అల్లరోన్నే సేసినావు, అల్లరోన్నే గదా నేను, అని నవ్వాడు. అతని పక్కన అతని భార్య ఉంది. పెళ్ళయిన నాటి నుంచి ఆ బెంచీ కథ, అసలు కథ, ఆమె విని ఉంది. తన మొగుడు ఎవరి కోసం బెంచీ తన్నాడో ఆ మనిషిని చూడాలని ఆదోనికి వచ్చింది. ఆమె నన్ను నిందించలేదు. మొగుడి వైపు తిరిగి ఒక్క మాట అడిగింది.

"ఈయప్పేనా?"

ఇంతవరకు రాసి, ఈ కాగితాలు పట్టుకుని పోయిన ఆదివారం తుగ్గలి దగ్గర వాళ్ళ పల్లెకు పోయాను. వాళ్ళింటి పంచలో ఆమెను కూర్చోబెట్టి చదవడం మొదలుపెట్టాను. ఎండపూట, ఊరంతా సద్దుమణిగి ఉంది. మొదటి వాక్యం దగ్గరే గొంతు పట్టేసింది. అతను అది గమనించి మంచం కోడు దగ్గరకు కాలు జరిపాడు. వద్దని చెయ్యి చూపాను. ఆ నిశ్శబ్దంలోనే, ఏ చప్పుడూ లేకుండా, చివరి దాకా చదివాను. ఆమె విని, లేచి, చెంగుతో కుర్చీ తుడిచి, "ఇప్పుడు సరిపాయన్నా. అన్నం తిందురు రాండి" అంది. నేను గెలిచిన బహుమతులన్నీ ఒక ఎత్తు, ఆ పిలుపు ఒక ఎత్తు.

ఇప్పుడు మా ఇంట్లో మగ్గాలు లేవు. గుంటలు పూడ్చి బండలు పరిచాం. అక్కకు ఆ నిశ్శబ్దం ఇంకా అలవాటు కాలేదు, టీవీ పెట్టుకుని దాని మీదుగా మాట్లాడుతుంది. మా పాత కాలేజీలో హాజరు పిలవడం కూడా లేదట. పిల్లలు వచ్చి, వాకిట్లో ఉన్న యంత్రం మీద వేలు పెట్టి లోపలికి పోతారు. గైర్హాజరు తప్పుగా పడే భయం లేదు, మంచిదే. ఆ రోజు సభ నుంచి వస్తూ, ఆ యంత్రం దగ్గర వేలు పెట్టి, ఎవరి వైపూ చూడకుండా తల వంచుకుని పోతున్న ఒక సన్నటి కుర్రవాణ్ణి చూశాను. వాడు చదువు ముగించేదాకా పెదవి విప్పకుండానే రోజూ హాజరు వేయించుకోగలడు. వాడి గొంతు ఎట్లా ఉంటుందో తెలుసుకోవాలని వెనక బెంచీలో ఎవరికైనా అనిపిస్తుందో లేదో, వాడు పోయిన తరగతి తలుపు దగ్గర కాసేపు నిలబడి విన్నాను. లోపల ఏ చప్పుడూ లేదు.